ఒక బారు ఆలస్యం

జూన్ 3, మంగళవారం

రిటైరైన మనిషిని మూడేళ్ల తర్వాత పిలిచి పనిస్తామంటే కొంచెం అనుమానించాలి. నేను మాత్రం అవతలివాళ్లు మాట పూర్తి చెయ్యకముందే సరేనన్నాను. ఫోను పెట్టాక జీతం అడగలేదని గుర్తొచ్చింది.

ఆర్కెస్ట్రా వాళ్లు పాత సినిమాల ప్రేమ సంగీతాన్ని మళ్లీ కొత్తగా వాయించి రికార్డు వేస్తారట. ఐదు సినిమాలు, ఐదూ నవలల్లోంచి తీసినవే. అప్పటి స్వరాలు రాసిన కాగితాలు స్టూడియో గోడౌన్‌లో ఒక పెట్టెలో దొరికాయి. చెదలు తినగా మిగిలినవాటిని పోల్చుకుని, వాయించేవాళ్లలో ఎవరి పార్టు వాళ్లకి కొత్తగా రాసివ్వాలి. ఆ రాతలు ఇప్పటి పిల్లలకి కొరుకుడు పడటం లేదు. "అందులో సగం మీ చేతిరాతే కదమ్మా" అన్నాడు ఆర్కెస్ట్రాని నడిపించే కొత్త కండక్టరు.

మా ఆయనకి చెబితే సంబరపడిపోయారు. "వెళ్లవోయ్. ఇంట్లో కూర్చుని మా పిల్లల క్లారినెట్లు వింటుంటే నీ చెవులు ఎందుకూ పనికిరాకుండా పోతాయి" అన్నారు. పిల్లలంటే సాయంత్రాలు మా ముందు గదిలో ఆయన దగ్గర నేర్చుకునేవాళ్లు. వాళ్ల హాజరు కోసం కొన్న పుస్తకంలోనే ఇది రాస్తున్నాను. సగం ఖాళీగా ఉంది, దండగ ఎందుకని.

ఐదింట్లో రెండోది మా సినిమా. మాది అంటే ఆయన వాయించింది, నేను రాసింది. చూద్దాం.

జూన్ 5, గురువారం

మూడో అంతస్తు, పాత లైబ్రరీ గది. పొడుగాటి బల్ల, ఒక కిటికీ, కింద కార్లు పెట్టే చోటు. నా కుర్చీ నాకే ఇచ్చారు. దాని కుంటికాలు కింద నేను మడిచి పెట్టిన కాగితం ఇంకా అలాగే ఉంది. ఇంత సంతోషం దేనికో గానీ గంటసేపు ఊరికే పెన్సిళ్లు చెక్కుకుంటూ కూర్చున్నాను.

కండక్టరుకి ముప్పై అయిదేళ్లుంటాయి. చేతిలో పుల్ల లేకపోయినా ఉన్నట్టే గాల్లో ఊపుతూ మాట్లాడతాడు. మనసులో పుల్లబ్బాయి అని పేరు పెట్టుకున్నాను. మంచివాడే. పెద్దవాళ్లని చూస్తే లేచి నిలబడతాడు.

పెట్టెలో రెండో సినిమా కట్ట విప్పాను. క్లారినెట్ పార్టు దొరికింది. ఇరవై నాలుగేళ్ల నా చేతిరాత, గుండ్రంగా, బుద్ధిగా. తోట సీను దగ్గర అంకె ఉంది. మధ్యలో వాయించకుండా ఎన్ని బార్లు ఊరుకోవాలో అలా అంకె వేసి చెబుతాం. బారంటే తాళంలో నాలుగు దెబ్బలు, అంతే. పెళ్లయిన కొత్తలో ఆయన "రేపు ముప్పై బార్లు ఊరికే కూర్చోవాలి" అనడం విని మా అత్తగారు నన్ను పక్కకి పిలిచి, "వాడికి తాగుడు ఎప్పటినించమ్మా?" అని కళ్లనీళ్లు పెట్టుకుంది.

అంకె ఏడు. నా ఏడుకి ఎప్పుడూ నడుం దగ్గర అడ్డగీత ఉంటుంది, ఒకటనుకోకుండా. స్పష్టంగా ఉంది.

ఆ కాగితం ఒక్కటీ హ్యాండ్‌బ్యాగులో పెట్టుకుని ఇంటికి తెచ్చాను. కళ్లద్దాలు మార్చుకుని తీరిగ్గా చూద్దామని. అంతే.

జూన్ 6, శుక్రవారం

ఆయనకి చెప్పలేదు. వాన పడుతోంది.

జూన్ 9, సోమవారం

పుల్లబ్బాయి ఇవాళ ఒక ఫైలు పట్టుకుని, పిల్ల పుట్టిన తండ్రిలా మెరిసిపోతూ వచ్చాడు. ఆ సినిమా సంగీత దర్శకుడు పోయి ఇరవై ఏళ్లయింది. ఆయన కోడలు అటక మీంచి తీసి ఇచ్చిందట, అసలు పెన్సిలు స్కోరు, అన్ని వాయిద్యాల స్వరాలూ ఒకే చోట ఉండేది. మేమందరం పార్టులు రాసుకున్నది దాన్ని చూసే.

"తోట సీను చూడండమ్మా" అన్నాడు.

నాకు చూపించాలా? హీరో అడుగుతాడు, హీరోయిన్ జవాబు చెప్పాలి. సినిమాలో అక్కడ మాటల్లేవు. వయొలిన్లు అడుగుతాయి, క్లారినెట్ జవాబిస్తుంది. ఆ రెండింటికీ మధ్య ఒక పూర్తి బారు ఏమీ జరగదు. వయొలిన్లు చివరి స్వరం పట్టుకుని అలా ఉండిపోతాయి, హాల్లో జనం ఊపిరి బిగబట్టి ఉంటారు. ఆ ఒక్క బారు కోసం రెండోసారి టిక్కెట్టు కొన్నవాళ్లు నాకు తెలుసు. నవలలో సరిగ్గా అక్కడ రచయిత్రి ఒక పేజీ తెల్లగా వదిలేసింది. అడుగున పేజీ నంబరు తప్ప ఏమీ ఉండదు. అచ్చు తప్పనుకుని పుస్తకం కొట్లో తిరిగి ఇచ్చేసినవాళ్లూ ఉన్నారట. ఆ తెల్ల పేజీని సంగీతంలోకి తెచ్చాడు మహానుభావుడు అని పత్రికలు అప్పట్లో ఆకాశానికెత్తాయి.

"స్కోరులో ఆరు బార్లే ఉన్నాయమ్మా. వయొలిన్లు ఆపగానే క్లారినెట్ అందుకోవాలి. రికార్డులో ఏడు అయ్యాక వచ్చారు. ఆ తెల్ల పేజీ గొప్పతనం ఏమీ లేదు. వాయించినాయన లెక్క తప్పారు, అంతే."

నేను పెన్సిలు చెక్కుతున్నాను.

"సారు మీ ఇంటాయనని తెలుసు. ఏమీ అనుకోకండి. నాకు ఆయనంటే గౌరవం. కానీ స్కోరు స్కోరే కదా? ఈసారి ఆరే వాయిద్దాం. రికార్డుతో వచ్చే పుస్తకంలో ఒక ముక్క రాస్తాను, మొదటిసారి వాయించిన కళాకారుడి పొరపాటు సరిదిద్దాం అని. సారుకి నేనే ఫోను చేసి చెప్పనా?"

"వద్దు వద్దు, నేను చెబుతాను" అన్నాను. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నంత కంగారుగా అన్నాను.

"క్లారినెట్ పార్టు ఒక్కటీ కనపళ్లేదమ్మా పెట్టెలో. చెదలు తిన్నట్టున్నాయి."

అయ్యుండొచ్చు అన్నాను. చెదలకి నోరు లేదు కాబట్టి సరిపోయింది. పుస్తకం ఇరవై అయిదున అచ్చుకి వెళుతుందట.

జూన్ 10, మంగళవారం

చెప్పాను. సగం.

ఆయన కిటికీ దగ్గర కూర్చుని క్లారినెట్ ఊదే చోట బిగించే పల్చటి రెల్లు ముక్కని, రీడుని, బ్లేడుతో గీక్కుంటున్నారు. ఆ బారు తీసేస్తున్నారనీ, పుస్తకంలో పొరపాటని రాస్తారనీ చెప్పాను. అంకెలు మాత్రం చెప్పలేదు.

"రాయనీవోయ్. నిజమే కదా. ఏడని రాసుంటే ఎనిమిది లెక్కపెట్టాను." రీడు వెలుతురుకి పెట్టి చూసుకున్నారు. "నాకైతే ఏడే లెక్కపెట్టినట్టుండేది సుమా. అందరూ తప్పన్నారంటే నాదే తప్పు. పోనీలే, తప్పుతోనైనా పుస్తకంలోకి ఎక్కుతున్నాను."

అని నవ్వారు. ఆ నవ్వు నిజంది, అందుకే భరించలేకపోయాను. ఆరు అనే మాట నాలుక చివరిదాకా వచ్చింది. ఇంతలో పిల్లలొచ్చారు. "ముందు లెక్క, తర్వాత పాట! వేళ్లు చూపించండి!" అని ఆయన గొంతు. వాళ్లు వేళ్లు మడుస్తూ గట్టిగా లెక్కపెట్టడం వంటింట్లోకి వినిపిస్తూనే ఉంది.

జూన్ 12, గురువారం

రేపు చెబుతాను. ఆయనకి పన్ను నొప్పి.

జూన్ 13, శుక్రవారం

పన్ను నొప్పి తగ్గలేదు.

జూన్ 14, శనివారం

అమ్మాయి వచ్చింది. రెండు సంచుల పళ్లు, ఒక సంచి కబుర్లు. దాని నోట్లో నువ్వుగింజ నానదు. వాళ్ల నాన్న పేరు పుస్తకంలో పడుతుందని తెలిసి వీధి వీధంతా వినపడేలా నవ్వింది.

"లేటు మాస్టారు అచ్చులో పడ్డారన్నమాట! నా పెళ్లికి గంట ముందే వచ్చి కూర్చున్నా ఎవరైనా నమ్మారా నాన్నా?"

ఆ పేరు రికార్డింగ్ రోజునే పడింది. సంగీత దర్శకుడు అందరి ముందూ "ఎక్కడికెళ్లావయ్యా ఒక బారు?" అన్నారు, హాలంతా గొల్లున నవ్వింది. మర్నాటికి లేటు మాస్టారు. పక్కింటివాళ్లకీ అదే పేరు తెలుసు. ఆయన కూడా అదే పేరుతో ఫోనులో "నేనండీ, లేటు మాస్టారిని" అంటారు. ఇన్నేళ్లలో ఎప్పుడూ చిన్నబుచ్చుకోలేదు. నలభై ఏళ్లప్పుడు ఆర్కెస్ట్రాలో క్లారినెట్ మొదటి కుర్చీ, అంటే ఆ వాయిద్యానికి పెద్ద స్థానం, ఇస్తామంటే మాత్రం వద్దన్నారు. "లెక్క రానివాడికి ఎందుకండీ" అన్నారు. పిల్లలకి నేర్పడమే హాయి అని చెప్పారు. నిజంగానే హాయిగా ఉన్నారు. కడుపులో చల్ల కదలకుండా బతికాం ఇద్దరం. అందులో అబద్ధం ఏమీ లేదు.

ఆయన పిల్లలు కూర్చునే గదిలో, సరిగ్గా వాళ్లకి ఎదురుగా, నా రిటైర్మెంటు రోజున ఇచ్చిన షీల్డు ఉంది. "ముప్పై ఆరేళ్లు, ఒక్క తప్పు లేని చెయ్యి" అని బంగారు రంగు అక్షరాలు. దాని దుమ్ము ఆయనే తుడుస్తారు.

జూన్ 15, ఆదివారం

అసలు ఆ స్టూడియో కారిడార్లో బల్బు సరిగా వెలిగేది కాదు. స్కోరు ఆలస్యంగా ఇచ్చారు, లోపల వాయించేవాళ్లు శ్రుతి చేసుకుంటుంటే నేను బయట బల్ల మీద రాస్తున్నాను. పెన్ను కారుతోంది. పక్కన ఇంకో రాత మనిషి తన మరిది సంబంధం గురించి చెవిలో జోరీగలా చెబుతూ కూర్చుంది. అలాంటప్పుడు ఎవరైనా ఒక బారు అటూ ఇటూ అవుతారు.

రికార్డింగ్ అయ్యాక ఆయన మెట్ల మీద ఒక్కరే కూర్చుని వేళ్లు మడుచుకుంటూ లెక్కపెట్టుకోవడం చూశాను. రెండు గ్లాసులు టీ తెచ్చి ఒకటి ఇచ్చాను. అదే మొదటి మాట మా మధ్య. తప్పు నాదని నాకప్పటికింకా తెలియదు. మర్నాడు పార్టులన్నీ కట్ట కడుతూ స్కోరుతో పోల్చి చూస్తే తెలిసింది. చెబితే ఉద్యోగం పోయేది, చేరి నాలుగు నెలలే అయింది. వారం ఆగి చెబుదామనుకున్నాను. ఆ వారంలోనే ఆయన నన్ను సినిమాకి పిలిచారు.

ముందు టీ, తర్వాత తెలియడం. ఇదే వరస, ఒట్టు. కానీ ముప్పై తొమ్మిదేళ్లు దాచినదాని మాట ఎవరు నమ్ముతారు? చేసిన తప్పుకి పరిహారంగా పెళ్లి చేసుకుందని ఆయన అనుకుంటే నేనేం చెయ్యాలి? ఉద్యోగం సంగతి ఎప్పుడో తీరిపోయింది. చెప్పకపోవడానికి అసలు కారణం ఇదే. ఇవాళ రాసి చూసుకుంటే గానీ నాకే తెలియలేదు.

జూన్ 16, సోమవారం

పుల్లబ్బాయి పుస్తకంలో వేసే ముక్క చూపించాడు. ఆయన పేరు, ఇంటి పేరుతో సహా. "లెక్క తప్పడం వల్ల" అని ఉంది. చాలా మర్యాదగా రాశాడు.

జూన్ 17, మంగళవారం

చెప్పేశాను.

పొద్దున్న కాఫీ గ్లాసు పక్కన ఆ కాగితం పెట్టాను. కాఫీ పక్కకి జరిపి, అద్దాలు పెట్టుకుని చూశారు.

"ఇది నీ ఏడే" అన్నారు. మురిసిపోయారు. పాత ఫొటో చూసినట్టు చూశారు. "ఎక్కడ దొరికిందోయ్?"

"స్కోరులో ఆరు ఉంది."

"ఎందులో?"

"అసలు స్కోరులో. ఆరు ఉంటే నేను ఏడు రాశాను."

వేళ్లు మడిచారు. ఏడు దాకా మడిచి ఆపారు. ఆ వేళ్లు అలాగే పెట్టుకుని ఎంతసేపు కూర్చున్నారో. నేను స్టవ్ కట్టేసి వచ్చాను, ఇంకా అలాగే ఉన్నారు.

"అంటే నేను ఏడే లెక్కపెట్టాను."

"ఏడే లెక్కపెట్టారు. సరిగ్గానే వచ్చారు."

"నీకు ఎప్పుడు తెలిసింది? ఈ పెట్టె దొరికాకా?"

అవునని ఉంటే సరిపోయేది. ఆయన ముఖం చూస్తే అవుననాలనే ఉంది. "మర్నాడు" అన్నాను.

"ఏ మర్నాడు?"

"రికార్డింగ్ మర్నాడు."

తప్పు రాసినందుకు ఒక్క మాట అనలేదు. ఆ మర్నాడు అన్న చోటే ఆగిపోయారు. కాగితం మడిచి చొక్కా జేబులో పెట్టుకుని, చెప్పులేసుకుని బయటికి వెళ్లిపోయారు. కాఫీ తాగలేదు. మధ్యాహ్నం భోజనానికి వచ్చారు గానీ వడ్డించుకుని తన పళ్లెం తీసుకుని ముందు గదిలోకి వెళ్లారు.

నాకు భయంగా ఉంది. అరవై మూడేళ్లొచ్చాక భయం ఏమిటని నన్ను నేను కేకలేసుకున్నాను. అయినా భయంగానే ఉంది.

జూన్ 18, బుధవారం

మాట లేదు. పిల్లలతో మాత్రం నాకు వినపడేలా, "లోపలున్న అమ్మగారిని అడగండిరా, ఇంకేమైనా లెక్కలు దాచిపెట్టిందేమో" అన్నారు. ఒక పిల్ల నిజంగానే వంటింట్లోకి వచ్చి అడిగింది. లేవమ్మా అని చెప్పి ఒక బిస్కెట్టు ఇచ్చి పంపాను.

జూన్ 19, గురువారం

పంటి డాక్టరు దగ్గరికి నన్ను కూడా రమ్మన్నారు. రెండు రోజుల్లో నాతో అన్న మొదటి మాట: "ఆటోకి చిల్లర ఉందా?"

డాక్టరు నోరు తెరవమన్నాడు. ఆయన తెరిచారు, మళ్లీ మూశారు. "డాక్టరుగారూ, నేను సరిగ్గానే వాయించానండీ" అన్నారు. ఆ డాక్టరుకి ముందూ వెనకా ఏమీ తెలియదు. "చాలా సంతోషమండీ, కొంచెం పెద్దగా తెరవండి" అన్నాడు. మందుల కొట్లో కుర్రాడికీ చెప్పారు. ఇంటికొచ్చి అమ్మాయికి ఫోను చేసి, "అమ్మని అడుగు, అమ్మే చెబుతుంది" అని నా చేతికిచ్చారు. చెప్పాను. "అమ్మా, నాన్నకి ఒక్కసారి ఇవ్వు" అంది. ఏం మాట్లాడుకున్నారో గానీ ఆయన "ఛ ఛ, ఏడవకు, ఆ పేరు నాకు బానే ఉంటుంది" అనడం వినిపించింది.

ఫోను పెట్టాక వచ్చి ఎదురుగా కూర్చున్నారు.

"నాకు కోపంగా ఉంది. సంతోషంగానూ ఉంది. రెండూ ఒకేసారి ఎలా పడాలో తెలియట్లేదోయ్."

"ఒకటి తర్వాత ఒకటి పడండి. నేనెక్కడికీ పోను" అన్నాను.

"అయితే ముందు కోపం" అని గంటసేపు తిట్టారు. మొదటి కుర్చీ గురించి తిట్టారు. ఇన్నేళ్లూ రికార్డింగుల్లో చెమటలు పట్టిన అరచేతుల గురించి తిట్టారు. అవి నాకు తెలియవు. ఎప్పుడూ చెప్పలేదు. చెమటలు పడతాయని చెప్పి ఉంటే నేను ఆ క్షణమే చెప్పేసేదాన్ని. అని రాశాను గానీ, చెప్పేదాన్నో లేదో.

సాయంత్రం పిల్లలు వెళ్లాక గదిలోంచి ఆ తోట పాట వినిపించింది. ఈ ఇంట్లో ఆయన దాన్ని ఎప్పుడూ వాయించలేదు. వంటింట్లో నిలబడి విన్నాను. పన్ను నొప్పి వల్ల ఒక చోట స్వరం జారింది. ఏడుపొచ్చింది, ఏడ్చాను.

జూన్ 23, సోమవారం

ఇద్దరం వెళ్లాం. పుల్లబ్బాయి ఆయన్ని చూసి లేచి నిలబడ్డాడు. బల్ల మీద కాగితం పెట్టి, "చెదలు తినలేదు నాయనా, నేను తీసుకెళ్లాను. ఈ ఏడు నాది" అన్నాను. అక్కడే పార్టులు సర్దుతున్న లైబ్రరీ అమ్మాయి నా రిటైర్మెంటు సభలో నన్ను పొగిడిన పిల్ల. నోరు తెరుచుకుని చూస్తోంది. చూడనీ.

అతను కాగితం చూశాడు, స్కోరు చూశాడు. "అయ్యో, సారుకి క్షమాపణ చెప్పాలి నేను. ఆ ముక్క కొట్టేస్తాను. కానీ అమ్మా, దీంతో ఇంకా తేలికైంది కదా? అది వాయించడంలోనూ కాదు, రాయడంలో వచ్చిన తప్పు. సరిదిద్దేద్దాం, ఆరు." తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్లు ఇతనికి.

నేను ఏమనగలను? తప్పు రాసినదానికి అది ఉంచమనే హక్కెక్కడిది?

ఆయన అందుకున్నారు. "బాబూ, ఆ రోజు హాల్లో ఉన్నవాళ్లలో ఎంతమంది మిగిలారో తెలీదు. నేనున్నాను, చెబుతాను విను. ఆ సంగీత దర్శకుడు మహా చాదస్తుడు. ముందు సీనుకి మా చేత తొమ్మిది టేకులు చేయించాడు. ఎవరో కుర్చీ కిర్రుమనిపించారని ఒకటి ఆపాడు. మమ్మల్ని ఆపడమంటే ఆయనకి మంచినీళ్లు తాగినంత. ఆరు బార్లయ్యాయి, నేను రాలేదు. ఆయన ఆపలేదు. ఎడమ చెయ్యి ఇలా గాల్లో నిలిపేశాడు, వయొలిన్లు వదలకుండా. నాకేసే చూస్తున్నాడు. నేనందుకున్నాక దించాడు. ఎక్కడికెళ్లావని ఎగతాళి చేశాడు, నిజమే. ఇంకో టేకు మాత్రం అడగలేదు. ఆ సీనుకి ఒక్కటే టేకు."

పుల్లబ్బాయి చెయ్యి తనకి తెలియకుండానే గాల్లోకి లేచింది. ఎడమ చెయ్యి. ఎంతసేపు పట్టుకోవాలో చూసుకుంటున్నాడు కాబోలు.

"రచయిత్రి తెల్ల పేజీ ఉంచింది. ఆయన ఈ బారు ఉంచాడు. మా ఆవిడ తప్పు రాసింది, నేను సరిగ్గా వాయించాను" అన్నారు ఆయన. ఆ చివరి మాట ఎక్కడ సందు దొరికితే అక్కడ దూరుస్తున్నారు ఈ నాలుగు రోజులుగా.

అతను ఫైలు మూశాడు. "ఏడే రాయండమ్మా."

పుస్తకంలో, కాపీ రాసినావిడ పొరపాటు, సంగీత దర్శకుడు తెలిసి ఉంచేశారు అని రాయమన్నాను. పేరు వెయ్యాలా అని మొహమాటంగా అడిగాడు. వెయ్యి నాయనా, ఇంటి పేరుతో సహా అన్నాను.

జూన్ 26, గురువారం

ఇవాళ రికార్డింగ్. పొద్దున్న పది గంటలకి. ఆయన ఇస్త్రీ చొక్కా వేసుకుని ఎనిమిదిన్నరకే గుమ్మంలో నిలబడ్డారు.

అరవై మంది. క్లారినెట్ పిల్లకి పాతికేళ్లుంటాయి. మధ్యలో విరామం ఇచ్చినప్పుడు ఆయన దగ్గరికొచ్చింది. "సార్, నాకు ఆ బారు దగ్గర ఆగడం రావట్లేదు. చెయ్యి తొందరపడిపోతోంది. మీరు అంత లేటుగా, అంత అందంగా ఎలా వచ్చారు?" అని అడిగింది.

మైకు తెరిచి ఉందని ఇద్దరికీ తెలియదు.

"నేను లేటుగా రాలేదమ్మా. కాగితం మీద ఏముందో అదే వాయించాను. అందం కోసం చూడకు. ఏడు లెక్కపెట్టు, ఊపిరి తీసుకో, రా." హాలంతా వినపడింది. అందరూ తల తిప్పారు. ఆయన ఇంకొంచెం నిటారుగా నిలబడ్డారు. "రాసినావిడ అదిగో, అక్కడుంది."

నాకు ఏం చెయ్యాలో తోచక బళ్లో పిల్లలా చెయ్యెత్తాను. ముందు వరసలో వయొలిన్ పెద్దాయన కమానుతో నోట్సు స్టాండు మీద టకటకా కొట్టాడు. చేతుల్లో వాయిద్యాలుంటాయి కాబట్టి వీళ్ల చప్పట్లు అలాగే ఉంటాయి. తర్వాత వయొలిన్లన్నీ కొట్టాయి. నాకు కొట్టారో ఆయనకి కొట్టారో తెలియదు. ఇద్దరికీ అనుకుంటాను.

ఆ పిల్ల బాగా వాయించింది. చాలా బాగా. ఆయనకంటే కొంచెం బాగా వాయించిందేమో. ఈ సంగతి ఆయనకి చెప్పను.

వచ్చేటప్పుడు బస్సులో కిటికీ పక్క సీటు నాకిచ్చారు. కొంతదూరం వచ్చాక, "ఇంతకీ ఎలా తప్పావోయ్?" అన్నారు.

"కారిడార్లో బల్బు..."

"ఆ బల్బు కింద నేను రోజూ పేపరు చదివేవాణ్ణి. దివ్యంగా వెలిగేది."

"పెన్ను కారి..."

"సరేలే, చెప్పకు."

అలా అంటే ఇక చెప్పక ఏం చేస్తాం? చెప్పాను. కారిడార్లో నా బల్ల ఎదురుగా అద్దాల కిటికీ ఉండేది, హాలు కనపడేది. ఐదో బారు దగ్గర తలెత్తాను. అద్దానికి అవతల ఒక మనిషి రీడు నోట్లో పెట్టి తడుపుకుంటూ నిలబడ్డాడు. చొక్కా గుండీలు ఒకటి వదిలి ఒకటి తప్పుగా పెట్టుకున్నాడు. ఆ సంగతి అతనికి తెలియదు. చాలాసేపు చూశాను. మళ్లీ కాగితంలోకి వచ్చి ఐదు దగ్గర్నించే మొదలెట్టాను. ఐదుని రెండుసార్లు లెక్కపెట్టాను.

"నన్నా?" అన్నారు.

"మిమ్మల్నే."

"అప్పటికి మనకి పరిచయం లేదు."

"లేదు."

"టీ ఇచ్చింది తర్వాత కదూ?"

"తర్వాతే."

బస్సు రెండు స్టాపులు ఆగింది. ఎవరో ఎక్కారు, ఎవరో దిగారు. ఆయన ముందు సీటు కడ్డీ పట్టుకుని కూర్చున్నారు.

"నేను వేరే అనుకున్నానోయ్. అందరూ నవ్వారు కదా, పాపం అని టీ ఇచ్చావనుకున్నాను. ఆ జాలితోనే నన్ను చేసుకున్నావనుకున్నాను. ఇన్నాళ్లూ అదే."

ముప్పై తొమ్మిదేళ్లు నేనొకటి దాచుకుని ఆయన పక్కన పడుకుంటే, ఆయన ఇది దాచుకుని నా పక్కన పడుకున్నారన్నమాట.

"అలా అనుకుని మరి ఎందుకు చేసుకున్నారు?" అన్నాను.

"జాలైతే జాలే, మనిషివి దొరికావు కదా అనుకున్నాను."